మాట వినిపించనప్పుడు ధర్మం

దేవతలు దిగివచ్చి ఏది ధర్మమో ఏది కాదో మనిషికి విడమరచి చెప్పే ఏర్పాటేదీ ఈ లోకంలో లేదన్న సంగతిని ఆపస్తంబుడు తన ధర్మసూత్రాల్లో దాచకుండా ఒప్పుకున్నాడు. దేవతలే కాదు, గంధర్వులూ పితృదేవతలూ కూడా ఆ పని చేయరన్నాడు. ఈయన ఏ చార్వాకుడో కాదు. తెలుగునాట ఎన్నో కుటుంబాలు ప్రవర చెప్పుకునేటప్పుడు ఈనాటికీ పేరెత్తి తలుచుకునే సూత్రకారుడు. పైనుంచి గొంతు వినిపించదని ఒప్పుకుంటూనే ఆయన శాస్త్రం రాశాడంటే, ఆ మౌనం ధర్మాన్ని రద్దు చేయదని నమ్మాడన్నమాట. ఆ నమ్మకానికి ఆధారమేమిటి? ఆజ్ఞ ఇవ్వవలసినవాడి మాట అందనప్పుడు మనిషి దేనికి కట్టుబడాలి, ఎందుకు కట్టుబడాలి? దీనికి తరచుగా వినిపించే జవాబులు రెండు. చెప్పేవాడు లేడు గనుక ఇక అడ్డేమీ లేదన్నది ఒకటి. ఆయన వద్దనలేదు గనుక నేను చేస్తున్నది ఆయనకు సమ్మతమేనన్నది మరొకటి. మొదటిది అవిశ్వాసి మాటలా, రెండోది భక్తుడి మాటలా కనిపిస్తాయి గాని రెండింటిలోనూ జరిగేది ఒకటే: మౌనం ఖాళీ చేసిన పీట మీద మన ఇష్టం ఎక్కి కూర్చుంటుంది. ఈ రెండూ కాని మూడో జవాబు ఉందనీ, దాన్ని తత్త్వగ్రంథాల కంటే స్పష్టంగా విమానయానం ఆచరణలో పెట్టిందనీ నా వాదన. ప్రయాణికుల విమానంలో రేడియో మూగబోతే ఏం చేయాలో చెప్పే నిబంధనలు పైకి సాంకేతికమైనవే. లోపల మాత్రం అవి మౌనంలో ఎలా బతకాలో చెప్పే నీతిశాస్త్రం.

ముందు ఆ నిబంధనలేమిటో చూడాలి. పెద్ద విమానాల్లో మామూలుగా మూడు వీహెచ్‌ఎఫ్ రేడియోలుంటాయి. సముద్రాలు దాటేవాటిలో దూరాలకు పలికే హెచ్‌ఎఫ్ సెట్లు, ఉపగ్రహ ఫోను, అక్షరాల్లో సందేశాలు పంపే డేటాలింకు కూడా ఉంటాయి. అందుకే అన్నీ ఒక్కసారిగా చచ్చిపోవడం అరుదు. సంబంధం తెగేది ఎక్కువగా చిన్న కారణాలతోనే. నేలమీది నియంత్రణ కేంద్రాలు ఆకాశాన్ని పంచుకున్న ఒక భాగం (సెక్టార్) నుంచి మరో సెక్టార్‌కు విమానాన్ని అప్పగించేటప్పుడు కొత్త ఫ్రీక్వెన్సీలో ఒక అంకె తప్పుగా వినడం, వాల్యూమ్ తగ్గించి మరిచిపోవడం, హెడ్‌సెట్ ప్లగ్గు వదులు కావడం, మైకు బటన్ లోపలికి ఇరుక్కుపోవడం ఇలాంటివే. పైలట్‌కు శిక్షణలో నూరిపోసే వరుస ఒకటుంది: ముందు విమానాన్ని ఎగురుతూ ఉంచు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు. మాట మూడో స్థానంలో ఉండటాన్ని గుర్తుపెట్టుకోవాలి. సంబంధం తెగిందని అనుమానం రాగానే పైలట్ తన సెట్లను పరీక్షిస్తాడు, పాత ఫ్రీక్వెన్సీకి తిరిగి వెళ్లి చూస్తాడు, 121.5 మెగాహెర్ట్జ్ అత్యవసర ఫ్రీక్వెన్సీలో పిలుస్తాడు, దగ్గరలో ఉన్న మరో విమానం ద్వారా కబురు అందుతుందేమో ప్రయత్నిస్తాడు. ఏదీ ఫలించకపోతే, విమానం గుర్తును రాడార్‌కు పంపే ట్రాన్స్‌పాండర్‌లో 7600 అన్న సంఖ్య వేస్తాడు. నేలమీద రాడార్ తెర ముందు కూర్చున్నవాళ్లకు అది ఒక ప్రకటన: నాకు మాట పోయింది.

ఆ తర్వాత ఏం చేయాలన్నది పైలట్ ఇష్టానికి వదిలేయలేదు. వాతావరణం తేటగా ఉండి బయట అంతా కనిపిస్తుంటే, అలాగే తేటగా ఉన్న చోటే ఎగురుతూ అనువైన దగ్గరి విమానాశ్రయంలో దిగి, దిగిన కబురు వెంటనే అందజేయాలి. మబ్బుల్లో ఉంటే, రాడార్ పరిధిలో చివరిసారి చెప్పిన ఎత్తులో, చివరిసారి చెప్పిన వేగంతో 7 నిమిషాలు సాగాలి. రాడార్ లేని చోట దశాబ్దాలుగా ఈ గడువు 20 నిమిషాలు. అది గడిచాక, బయలుదేరే ముందు తానే దాఖలు చేసిన ఫ్లైట్ ప్లాన్‌లోని ఎత్తుకూ వేగానికీ మారాలి. గమ్యం దగ్గరి దిక్సూచక కేంద్రం మీదికి చేరి, దిగవచ్చని చివరిసారి చెప్పిన వేళకు, అది తెలియకపోతే ప్లాన్ ప్రకారం చేరవలసిన వేళకు దిగడం మొదలుపెట్టాలి. సాధ్యమైతే ఆ వేళ నుంచి 30 నిమిషాల లోపల నేల మీద ఉండాలి. అమెరికా నిబంధనల్లో దారి విషయమై ఒక వరుస ఉంది: చివరిసారి ఇచ్చిన దారి, రాడార్ మళ్లింపులో ఉంటే, ఎక్కడికి మళ్లిస్తున్నారో అక్కడికి నేరుగా, అదీ లేకపోతే ఇస్తామని ముందుగా చెప్పిన దారి, ఏదీ లేకపోతే దాఖలు చేసిన దారి. దేశదేశానికీ కొన్ని తేడాలున్నా ఎముకల గూడు ఒకటే.

ఇందులో ఆ 7 నిమిషాల దగ్గర కాసేపు ఆగాలి. వెంటనే ప్లాన్‌కు మారితే ఏం పోయింది? నేలమీద ఉన్నవాడికి ఈ విమానం మూగబోయిందని గమనించడానికి, పక్క సెక్టార్ల వాళ్లతో మాట్లాడడానికి, ఆ ఎత్తులో ఎదురుగా వస్తున్న ఇతర విమానాలను పక్కకు తప్పించడానికి కొంత సమయం కావాలి. ఆ గడువు అందుకే. అంటే పైలట్ తనకు వినిపించని మనిషి చేస్తున్న పనికి చోటిస్తున్నాడు. ఈ నిబంధనల్లో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా సారం ఇదే. పైలట్‌కు ఏది సౌకర్యం, ఏది దగ్గరి దారి, ఏది మంచి ఆలోచన అన్న ప్రశ్నలు రెండో వరుసలో ఉంటాయి. మొదటి వరుసలో ఉండే ప్రశ్న, తన మాట అందనివాళ్లు తను చేయబోయేదాన్ని ఊహించగలరా అన్నది. ఒక తెలివైన పైలట్ నిబంధనలో లేని గొప్ప ఉపాయం పన్నవచ్చు, అది నిజంగానే గొప్పది కావచ్చు. కానీ ఆ ఉపాయం అతని తలలో మాత్రమే ఉంటుంది. చుట్టూ మబ్బుల్లో ఎగురుతున్న మిగతా వందల మంది దాన్ని చదవలేరు. మౌనంలో తెలివి కంటే, ఇతరులకు అర్థమయ్యేలా నడుచుకోవడం పెద్ద ధర్మం అవుతుంది. ఇక్కడి నుంచే నా మూడో జవాబు పుడుతుంది. పైవాడి గొంతు ఆగినా కట్టుబాటు ఆగకపోవడానికి కారణం, ఆ కట్టుబాటు మొదటి నుంచీ ఆ గొంతుకు ఒక్కదానికే కాదు. అదే ఆకాశంలో మనతోపాటు ఉన్నవాళ్లకు మనం ఇచ్చిన మాట అది. ఆజ్ఞ ఇచ్చినవాడు మౌనంగా ఉండవచ్చు; ఆ ఆజ్ఞను నమ్ముకుని తమ దారి దిద్దుకున్నవాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు.

మన తత్త్వచింతనలో దీనికి అతి దగ్గరగా వచ్చినది వేదాంతం కాదు, మీమాంస. మీమాంసకుల దృష్టిలో వేదం అపౌరుషేయం, దాన్ని పలికినవాడు లేడు. పలికినవాడు లేడు గనుక అనుమానం వస్తే తిరిగి అడగడానికి ఎవరూ లేరు. యజ్ఞంలో ఏ ద్రవ్యం ఏ కర్మకు చెందుతుందో తేలనప్పుడు ఏం చేయాలి? మీమాంసా సూత్రాలు రాసిన జైమిని ఆరు ఆధారాలను వరుసగా పేర్చాడు: శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. నేరుగా చెప్పిన మాట అన్నిటికంటే బలం. అది లేకపోతే పదానికున్న సూచనశక్తి, తర్వాత వాక్య సంబంధం, ఆ తర్వాత సందర్భం, చోటు, చివరికి పేరు. రెండింటికి పేచీ వస్తే ముందున్నదే గెలుస్తుంది, ఎందుకంటే వెనకున్నది అసలు అర్థానికి అంత దూరం. విమానానికి చెప్పిన దారుల వరుసను దీని పక్కన పెట్టి చూడండి. నేరుగా ఇచ్చిన దారి, మళ్లింపులో దొరికిన సూచన, ముందుగా చెప్పిన ఆశ, ఏదీ లేనప్పుడు అసలు ప్లాన్. ఆ సూత్రాలను వ్యాఖ్యానించిన శబర కుమారిలుల మీమాంసకూ ఇరవయ్యో శతాబ్దపు విమాన నిబంధనలకూ చారిత్రక సంబంధం ఏమీ లేదు. అయినా రెండూ ఒకే ఆకారానికి వచ్చాయంటే, సమస్య ఒకటే కావడం వల్ల: తిరిగి అడిగే వీలు లేనిచోట, అందిన మాటల్లో దేనికెంత బరువో మాట అందుతుండగానే తేల్చిపెట్టుకోవాలి. మౌనం వచ్చాక తేల్చుకుందామంటే ఎవరి త్రాసు వారిదవుతుంది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ రావాలి, వస్తుంది కూడా. నేలమీద దారి చెప్పే కంట్రోలర్ ఉన్నాడని పైలట్‌కు తెలుసు. గంట క్రితం అతనితో మాట్లాడాడు, పాడైంది తన సెట్టు. దేవుడి విషయంలో అసలు అవతల ఎవరైనా ఉన్నారా అన్నదే తేలలేదు కదా, ఈ పోలిక ఎలా నిలుస్తుంది? నా సమాధానం: ఈ పోలికతో నేను దేవుడి ఉనికిని నిరూపించడం లేదు, నిరూపించలేను కూడా. మాట ఆగినప్పటి నడతకు ఉనికి రుజువు అవసరమా అన్నదే నేను అడుగుతున్నది. 2004 సెప్టెంబరు 14న అమెరికాలో లాస్ ఏంజెలెస్ ప్రాంతపు గగనతలాన్ని చూసే పామ్‌డేల్ కేంద్రంలో మాటల వ్యవస్థే మూగబోయింది. సకాలంలో తిరిగి ప్రారంభించకపోవడంతో కంప్యూటర్ ఆగింది, దాని వెనక ఉన్న ప్రత్యామ్నాయమూ నిలబడలేదు. ఆ సమయంలో గాలిలో వందల విమానాలున్నాయి. వాటిలో ప్రతి ఒక్క రేడియో బాగానే ఉంది. అవతలి గొంతే లేదు. కొన్ని విమానాలు ఉండవలసిన దానికంటే దగ్గరగా వచ్చాయి, అది చిన్న విషయం కాదు. కానీ ఒక్కటి కూడా ఢీకొనలేదు. ఒకదాన్నొకటి గుర్తించి తప్పుకోమని చెప్పే విమానంలోని పరికరాలు, ముందే అందరికీ తెలిసిన నియమాలు, పక్క కేంద్రాల సాయం కలిసి ఆ ఆకాశాన్ని నిలబెట్టాయి. తప్పు తన సెట్టులో ఉందా, అవతల గొంతే లేదా అన్నది కాక్‌పిట్‌లో ఉన్నవాడికి ఒక్కోసారి తెలియనే తెలియదు. తెలియకపోయినా నియమం మారదు. కుమారిల భట్టు సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి ఒప్పుకోకుండానే కర్తవ్యాన్ని అంత గట్టిగా నిలబెట్టాడన్నది మన సంప్రదాయం ఎందుకో తక్కువగా తలుచుకునే సంగతి. దేవుడు లేకపోతే అంతా చెల్లుతుందన్న భయం ఈ నేలలో తప్పనిసరి భయం కాదు.

రెండో ఆక్షేపణ ఇంకా పదునైనది, దాని వెనక శవాలున్నాయి. 2006 సెప్టెంబరు 29న బ్రెజిల్ అమెజాన్ అడవుల మీద గోల్ సంస్థకు చెందిన 1907 విమానం, ఎదురుగా వస్తున్న ఒక చిన్న లెగసీ జెట్ ఢీకొన్నాయి. గోల్ విమానంలోని 154 మందీ చనిపోయారు. రెక్క చివర దెబ్బతిన్న జెట్ కషింబో సైనిక స్థావరంలో దిగింది, అందులోని ఏడుగురూ బతికారు. లెగసీ దాఖలు చేసిన ప్లాన్ ప్రకారం బ్రసీలియా దాకా 37,000 అడుగులు, ఆ తర్వాత 36,000, ఇంకా ముందుకు వెళ్లాక 38,000. కానీ బయలుదేరేటప్పుడు నేల నుంచి ఇచ్చిన అనుమతిని, అంటే క్లియరెన్స్‌ను, పైలట్లు మనౌస్ దాకా 37,000 అడుగులు అనే అర్థం చేసుకున్నారు. బ్రసీలియా దాటాక ట్రాన్స్‌పాండర్ పనిచేయడం ఆగింది, రేడియో సంబంధమూ తెగింది. నేలమీద తెర మీద మాత్రం ప్లాన్ ప్రకారం ఉండవలసిన ఎత్తు 36,000 అని కనిపిస్తోంది. పైలట్లు చివరి మాటను పట్టుకున్నారు, కంట్రోలర్లు మొదటి ప్లాన్‌ను పట్టుకున్నారు, ఎదురుగా అదే దారిలో 37,000 అడుగుల్లో గోల్ వస్తోంది. నియమాలకు కట్టుబడటమే మనుషుల్ని చంపింది కదా అని అడగవచ్చు. నేను ఈ ఉదంతాన్ని అలా చదవలేను. దాదాపు గంటసేపు రెండు పక్కలా జరిగింది నియమపాలన కాదు. సంబంధం తెగిందని ఎవరూ సకాలంలో గుర్తించి ప్రకటించలేదు. పైలట్లకు తమ ట్రాన్స్‌పాండర్ మూగదైందని తెలియలేదు. కంట్రోలర్లు విమానం ఎత్తు గురించిన సమాచారం నమ్మదగ్గది కాదని తెలుసుకునే వీలున్నా, అది ప్లాన్ ప్రకారమే పోతోందని అనుకుంటూ ఉండిపోయారు. ఎదుటివాళ్ల మౌనాన్ని ఎవరికి వారు తమకు అనుకూలమైన అవునుగా చదువుకున్నారు. బ్రెజిల్ నివేదిక, అమెరికా పరిశోధకుల వ్యాఖ్య తప్పుల పంపకంలో వేరుపడినా, తప్పు ఒక్కచోట లేదన్న విషయంలో తేడా లేదు.

అందుకే మౌనంలో మొదటి ధర్మం 7600. ఇప్పుడు నాకు వినిపించడం లేదు అని ఒప్పుకోవడం, దాన్ని ఇతరులకు తెలిసేలా చెప్పడం. మత జీవితంలో దీనికంటే కష్టమైనది నాకు కనిపించదు. వినిపించనప్పుడు వినిపించిందని చెప్పుకునే ప్రలోభం అంత పెద్దది. శబరస్వామి దీనికి ఒక ఉదాహరణ ఇచ్చాడు. సోమయాగంలో పాతే మేడికొయ్య స్తంభాన్ని, ఔదుంబరిని, ముట్టుకుని సామం పాడాలని వేదం. ఆ స్తంభాన్ని మొత్తం గుడ్డతో చుట్టాలని ఒక స్మృతి. మొత్తం చుట్టేస్తే ముట్టుకునేది ఎలా? వేదానికి ఎదురుపోయే స్మృతిని పక్కన పెట్టాల్సిందేనని తేల్చి, శబరుడు అక్కడితో ఆగలేదు. ఈ నియమం ఎందుకు పుట్టి ఉంటుందో కూడా అడిగాడు: ఆ గుడ్డ తమకు దక్కాలన్న లోభంతో ఎవరో చుట్టించి ఉంటారన్నాడు. దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటి ఒక సనాతన వ్యాఖ్యాత, పవిత్రమనిపించే నియమం వెనక గుడ్డ మీది ఆశను వెతికి పట్టుకున్నాడు! మౌనంలో వినిపించే ప్రతి గొంతునూ, ఇది చెబితే లాభం ఎవరికని అడిగి చూడాలన్నది ఆ వ్యాఖ్య నేర్పే పద్ధతి.

మూడో ఆక్షేపణ న్యాయమైనది, దీని బరువు నాకు బాగా తెలుసు. చివరిసారి అందిన మాటనే పట్టుకోవాలంటే, ఆ మాట అన్యాయమైతే? తరతరాలుగా అందిన ఆజ్ఞల్లో మనిషిని మనిషి ముట్టుకోకూడదన్నదీ ఉంది, భర్త పోయిన పసిపిల్ల జీవితమంతా మూలన కూర్చోవాలన్నదీ ఉంది. జవాబు ఆ రేడియో నిబంధనలోనే, చాలామంది పట్టించుకోని ఒక చిన్న ముక్కలో ఉంది. చివరిసారి చెప్పిన ఎత్తులో సాగాలి అని ఊరుకోలేదు. కనీస సురక్షిత ఎత్తు దానికంటే ఎక్కువైతే ఆ కనీస ఎత్తులో అని ఉంది. దారి విషయంలో చివరి మాటకు పెద్దపీట, ఎత్తు విషయంలో మాత్రం కొండకు పెద్దపీట. మామూలు నేల మీద ఎత్తైన అడ్డంకికి కనీసం 1,000 అడుగుల పైన, కొండ ప్రాంతాల్లో 2,000 అడుగుల పైన ఉండాలని లెక్క. కంట్రోలర్ ఏం చెప్పాడన్నది కొండకు పట్టదు. ఆజ్ఞ ఎంత పాతదైనా, ఎంత అధికారం ఉన్న నోటి నుంచి వచ్చినా, అది సాటి మనిషి శరీరాన్ని ఢీకొట్టే ఎత్తులో ఉంటే దాన్ని పాటించకూడదు, పైకి లేవాలి. మనుస్మృతి సైతం లోకం ఛీకొట్టే ధర్మాన్ని, దుఃఖానికే దారితీసే ధర్మాన్ని వదిలేయాలని ఒకచోట చెప్పింది. అదే గ్రంథంలో మనుషుల్ని తొక్కే నియమాలూ ఉన్నాయి గనుకనే 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో దాన్ని తగలబెట్టారు. ఆ మంటను నేను ధర్మద్రోహంగా చూడను, కొండ ఉందని చెప్పిన వెలుగుగా చూస్తాను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన పని ఇంకో రకం. శాస్త్రాన్ని పారేయకుండా, శాస్త్రంలోనే అనుమతి ఉందని పండితులతో వాదించాడు, సంఘబహిష్కార భయాల మధ్య నిలబడ్డాడు. ఒకరు దారిని కాదన్నారు, ఒకరు అదే దారిలో ఎత్తు పెంచారు. కొండ ఎక్కడుందో చూడగలగడం ఇద్దరిలోనూ ఉంది. ఆ కొండను ఎవరు నిర్ణయిస్తారని అడిగేవారికి చెప్పేదొకటే: కొండ ఎవరి నిర్ణయమూ కాదు, దాన్ని కొలిచారంతే. ఒక ఆచారం ఎవరి వీపు మీద పడుతోందో వాళ్లను అడిగితే కొలత దొరుకుతుంది. వీపు తనది కానివాడు వేసిన కొలత చెల్లదు.

ఎంతకాలం అన్న ప్రశ్న కూడా ఉంది. రేడియో నిబంధనలో ప్రతిదానికీ ఒక వేళ ఉంది, అంతం లేని విధేయతను అది ఎవరినీ అడగదు. రామాయణంలో భరతుడి కథను ఈ కోణంలో చూస్తే కొత్తగా కనిపిస్తుంది. పాదుకల్ని సింహాసనం మీద పెట్టి నందిగ్రామంలో ఉండి రాజ్యం నడిపినవాడు పద్నాలుగేళ్లు అన్న నుంచి ఒక్క మాట లేకుండానే నడిపాడు. కానీ అంతం లేకుండా ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్లు నిండిన మరునాడు కనిపించకపోతే అగ్నిలో దూకుతానని ముందే చెప్పాడు. రాముడు ఆ వేళను మరవలేదు. భరద్వాజాశ్రమం నుంచి హనుమంతుణ్ణి ముందుగా పరుగెత్తించాడు. మాట ఇవ్వవలసినవాడి మీద కూడా గడువు ఉంటుందన్నమాట. ఇలాంటి గడువు లేని వాళ్ల సంగతే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. 2007లో మదర్ థెరిసా ఉత్తరాలు అచ్చయినప్పుడు లోకం ఉలిక్కిపడింది. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్లే రైలులో తనకు పిలుపు అందిందని నమ్మిన మనిషి, పని మొదలుపెట్టాక దాదాపు అర్ధశతాబ్దం లోపల చీకటిగానే ఉందని తన గురువులకు రాస్తూ వచ్చింది. చివరి క్లియరెన్స్ మీద ఆమె యాభై ఏళ్లు ఎగిరింది. అది కపటమని కొందరన్నారు, నేను ఒప్పుకోను. కాళీఘాట్‌లో చావుబతుకుల్లో ఉన్నవాడికి ఆమె రేపు వస్తుందా రాదా అన్నదే ముఖ్యం. ఆమెకు ఈ ఉదయం దేవుడు వినిపించాడా లేదా అన్నది కాదు. అయినా ఆ ఉత్తరాలు ఒకరిద్దరికే తెలియడం, మిగతా అందరికీ ఆమె ప్రశాంతంగా కనిపించవలసి రావడం నాకు సరైనదిగా అనిపించదు. 7600 వేసే వీలు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. విశ్వాసుల సమాజాల్లో ఆ వీలు ఇప్పటికీ తక్కువే.

మూగబోయిన విమానం పట్ల నేలకు కూడా కర్తవ్యాలున్నాయి. కంట్రోలర్ మిగతావాటిని పక్కకు తప్పిస్తాడు. మా మాట నీకు అందుతుంటే ఇటు తిరుగు అని పిలిచి చూస్తాడు, విమానం తిరిగితే అదే జవాబు. టవర్ నుంచి వెలిగే నిలకడైన ఆకుపచ్చ దీపం దిగమని చెబుతుంది, నిలకడైన ఎరుపు ఇతరులకు దారిచ్చి చుట్టు తిరగమంటుంది, పైలట్ రెక్కలు ఊపి అందిందని చెబుతాడు. 2017 ఫిబ్రవరి 16న ముంబై నుంచి 330 మంది ప్రయాణికులతో లండన్ వెళుతున్న ఒక భారతీయ విమానం జర్మనీ మీద సంబంధం కోల్పోతే యుద్ధవిమానాలు పక్కకు వచ్చాయి. బెదిరించడానికి కాదు, లోపల ఏమైందో చూడడానికి. కొద్దిసేపట్లో మాట కలిసింది. పాపం చేశావు గనుకే దేవుడు నీతో మాట్లాడడం లేదని బాధలో ఉన్నవాడికి చెప్పడం బైబిల్లో యోబు మిత్రులు చేసిన పని. పక్కన ఎగురుతూ ఏమైందో చూడడం ఇంకో పని. తప్పు వినవలసినవాడిలోనే ఉండటం కూడా సాధ్యమే, కాదనను. 2009 అక్టోబరు 21న శాన్ డియేగో నుంచి బయలుదేరిన నార్త్‌వెస్ట్ 188 విమానం గంటకు పైగా ఎవరి పిలుపుకూ పలకకుండా, దిగవలసిన మిన్నియాపొలిస్‌ను వంద మైళ్లకు పైగా దాటి పోయింది. రేడియోలో లోపం లేదు, పైలట్లిద్దరూ లాప్‌టాప్‌లలో మునిగిపోయారు. ఇక మైకు బటన్ ఇరుక్కుపోయినవాడి సంగతి ఇంకా విచిత్రం. ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకసారి ఒకరే పలకగలరు గనుక అతను తానూ వినలేడు, ఇతరులనూ విననివ్వడు. లౌడ్‌స్పీకర్లతో దేవుణ్ణి పిలిచే వీధుల్లో బతుకుతున్నవాళ్లకు దీన్ని ఇంతకంటే వివరించనక్కరలేదు.

చివరి ఆక్షేపణ కెనడా తత్త్వవేత్త జె. ఎల్. షెలెన్‌బర్గ్ 1993లో పుస్తకంగా రాసింది. ప్రేమించే దేవుడే ఉంటే, నిజాయితీగా వెతికేవాడికి కనిపించకుండా ఉండడు, వెతికినా దొరకనివాళ్లున్నారు, కాబట్టి అలాంటి దేవుడు లేడు. ఈ వాదన బలమైనదే. దీన్ని భక్తి పేరుతో కొట్టిపారేయడం అన్యాయం. కానీ ఇందులో ఒక అడుగు తొందరగా పడింది: వినిపించకపోవడం నుంచి పలకకపోవడానికి దూకడం. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికి చెడింది తన వినే భాగమా, పలికే భాగమా, అవతలి యంత్రమా తేల్చుకునే మార్గం చాలాసార్లు ఉండదు. అందుకే నిబంధన జవాబు రాకపోయినా మాట్లాడుతూనే ఉండమంటుంది. వినే సెట్టు చెడిందనిపిస్తే అలా అని ముందుగా చెప్పి, సందేశాన్ని మొత్తం రెండుసార్లు పలికి, మళ్లీ ఎప్పుడు పలుకుతాడో ఆ వేళ చెప్పాలి. అంతకంటే ముఖ్యం, ఈ ప్రయాణాన్ని ఎలా కొనసాగించబోతున్నాడో తన ఉద్దేశం చెప్పాలి. ఇందులో వేడుకోలు లేదు. నేనిక్కడ ఉన్నాను, ఇలా వెళుతున్నాను, ఈ వేళకు దిగుతాను అని చెప్పడం ఉంది. ప్రార్థన అంటే నాకు అది ఇవ్వు, ఇది ఇవ్వు అనడమే అయితే జవాబు రాని ప్రార్థన వృథానే. ప్రార్థన అంటే నేను చేయబోయేదాన్ని నిజాయితీగా పైకి పలకడం అయితే, జవాబు రాకపోయినా దాని పని అది చేస్తుంది, ఎందుకంటే ఆ ఫ్రీక్వెన్సీలో ఇతరులూ ఉన్నారు. గోల్కొండ చెరసాలలో కంచెర్ల గోపన్న తన రాముడు ఒక్క మాటైనా పలకడం లేదని నిష్ఠూరమాడుతూ, భద్రాద్రి గుడికి తాను చేయించిన నగల లెక్కలు ఒప్పజెబుతూ పాడుకున్నాడు. పన్నెండేళ్లని జనశ్రుతి. గోల్కొండ సుల్తాను తానీషాకు రాముడు కనిపించాడన్న కథను నమ్మేవారు నమ్ముతారు, నమ్మనివారు నమ్మరు. ఆ పాటలు మాత్రం మూడు వందల ఏళ్లకు పైగా ఊరూరా భజన మందిరాల్లో పాడుకుంటున్నారు. జవాబు రాని గొంతును కూడా ప్రార్థనగా పాడుకోవచ్చని తెలుగువాళ్లు నేర్చుకున్నది అక్కడి నుంచే.